తూము కాడికి పోయొస్త

ఈ పోస్టు కొంచెం పెద్దగుంటది. తీరిక ఉన్నోళ్లు ఇప్పుడే చదువుండ్రి, నాట్లల్ల ఉన్నోళ్లు నాట్లు అయినంక చదువుండ్రి. వరి గురించి, మందుల గురించి, రేట్ల గురించి ఎప్పుడూ రాస్తనే ఉంట. ఇయ్యాల మా బాపు గురించి రాస్తున్న. తొలి ఏకాదశి దగ్గరికొచ్చింది. ఈ దినాలల్ల ఆయన యాది ఎక్కువైతది. నేను ఆయనను అన్న ఒక మాట కూడ యాదికొస్తది. ఆ మాట సంగతి తర్వాత చెప్త. మొదలు మనిషి ఎట్లాంటోడో చెప్పాలె.

మా ఊరు బాన్సువాడకు ఆరు కిలోమీటర్లు. నిజాంసాగర్ కాలువ కింద మూడెకరాలు, బావి కింద ఎకరంన్నర. నిజాంసాగర్ కట్టుడు 1923ల మొదలైంది, 1931ల పూర్తయింది. మా తాత పడుచుతనంల ఆ కాలువ తవ్వకంల కూలి చేసిండట. "మన పొలానికి వచ్చే నీళ్లకు మా అయ్య తొవ్వ చేసిండు" అని బాపు ఎప్పుడూ చెప్పేటోడు.

బాపు పుట్టిన తారీఖు ఎవలికీ తెల్వదు. బడి కాయితంల మాత్రం 1941 అని ఉంది. పోలీసు చర్య అయిన 1948ల చిన్న పోరడు. చదివింది నాలుగో తరగతి, అది సుత ఉర్దూల. అందుకే చివరిదాక లెక్కలు ఉర్దూ అక్షరాలల్లనే రాసుకున్నడు. తెలుగు చదువుడు పెద్దగైనంక సొంతంగ నేర్చుకున్నడు. మరాఠీ మా నాయనమ్మ నుంచి వచ్చింది. ఆమె పుట్టిల్లు బిచ్కుంద దిక్కు. బిచ్కుంద, జుక్కల్ అప్పట్ల నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాల ఉండె. 1956ల రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మన దిక్కు కలిసినయ్. గీత మారింది కని పాట మారలే. ఇప్పటికీ ఆ ఊర్లల్ల తుకారాం అభంగాలు మరాఠీలనే పాడుతరు, ఇంటికొచ్చి తెలుగుల మాట్లాడుకుంటరు. మా ఊర్ల హరినామ సప్తాహం సుత ఆ తీరుగనే వచ్చింది.

బాపు ఇరవై రెండేండ్ల వయసుల తులసి మాల వేసుకున్నడు. మాల వేసుకుంటే మాంసం లేదు, కల్లు లేదు, ఏకాదశి ఏకాదశికి ఒక్క పొద్దు. మా ఇంట్ల పండుగకు యాట కోసేటోళ్లు. బాపు వద్దనలే. పొయ్యికి రాళ్లు ఆయనే పెట్టి, కట్టెలు ఆయనే కొట్టి ఇచ్చి, తను జొన్నరొట్టె పప్పు పట్టుకొని కొట్టం దిక్కు పోయి తినేటోడు. "నా మాల నా మెడల ఉంది, మీ మెడల లేదు గద" అనేటోడు. భక్తి ఉన్నోళ్లు ఇంట్లోళ్లను సతాయిస్తరని అంటరు. మా బాపు సతాయించలే.

ఇగ చేతిపని. ఆయన వడ్లోడు కాదు, కమ్మరోడు కాదు, కరెంటు మేస్త్రీ కాదు. కని ఆ మూడు పనులూ వచ్చు. ఎవల దగ్గరా కూసొని నేర్చుకోలే. చూసి నేర్చుకున్నడు. ఇనుప ట్రంకుపెట్టె ఒకటి ఉండె. అండ్ల బాడిశ, మూడు తీర్ల ఉలులు, చేతి రంపం, చిత్రిక, బర్మ, పట్కార, పానాలు. పని అయినంక ఒక్కోటి పాత ధోతి గుడ్డతోని తుడిచి, ఆముదం రాసి పెట్టేటోడు. మేం చిన్నగున్నప్పుడు ఆ పెట్టె ముట్టుకుంటే తిట్టేటోడు కాదు. ముట్టుకున్నది తిరిగి అదే జాగల పెట్టకపోతే మాత్రం ఆ దినం మాతోని మాట్లాడకపోతుండె. గదే పెద్ద శిక్ష.

ఆ పెట్టె అడుగున ఒక తోలు చుట్ట ఉండె. మా తాత కాలపు మోటబొక్కెన తోలు. కరెంటు మోటరు వచ్చినంక మోట బంద్ అయింది. అందరు బొక్కెనలు పారేసిండ్రు. బాపు తోలును కోసి, నూనె పట్టిచ్చి దాచిండు. మోటరు ఉన్న బావికాడ పని చేసినోళ్లకు తెలుసు, ఫుట్‌వాల్ల తోలు అరిగితే నీళ్లు కిందికి జారిపోతయ్. మోటరు పెట్టినప్పుడల్ల బిందెలతోని పైపుల నీళ్లు పోసుకుంట సావాలె. బాజార్ల దొరికే తోలు బిళ్ల ఒక్క కారుకే పోతుండె. బాపు ఆ మోట తోలుల కెల్లి బిళ్ల కోసి వేస్తే మూడు నాలుగేండ్లు ఉండేది. మా బావికే కాదు, ఊర్ల ఎన్ని బావులకు వేసిండో లెక్క లేదు. మా తాత ఎడ్లతోని నీళ్లు తోడిన తోలే, ఆయన పోయినంక ముప్పై ఏండ్లు కరెంటు మోటర్ల కింద నీళ్లు ఆపింది.

పైసలు తీసుకోకపోతుండె. ఎవలన్న బలవంతం చేస్తే "సప్తాహంల కొబ్బరికాయ కొట్టు" అనేటోడు. మా ఇంటి పక్కన సాయిబుల ఇల్లు. వాళ్ల గిరక, తలుపు, కుట్టుమిషిను, అన్నీ బాపే బాగుచేసేటోడు. మొహర్రంకు పీర్ల కట్టెలు కదిలితే చెక్క కొట్టి గట్టిగ చేసేటోడు. వాళ్లు సప్తాహానికి బెల్లం ముద్ద పంపుతుండె. ఇది గొప్ప అని చెప్తలేను. మా దిక్కు ఊర్లల్ల గట్లనే ఉండె.

సప్తాహం అంటే తెల్వనోళ్లకు రెండు మాటలు. ఏడు దినాలు రాత్రింబవళ్లు హరినామం ఆగొద్దు. తెల్లారకముందు కాకడ హారతి, పొద్దంత జ్ఞానేశ్వరి చదువుడు, పొద్దుగూకినంక హరిపాఠం, రాత్రి కీర్తన. ఒక మనిషి వీణ మెడల వేసుకొని నిలవడాలె. ఆయన పహారా అయితే ఇంకొకాయన మెడల వేయాలె. ఏడు దినాలు వీణ కింద పెట్టొద్దు. అర్ధరాత్రి రెండింటికి, మూడింటికి పహారా అంటే ఎవలూ ముందుకు రారు. బాపు ఆ పహారా అడిగి తీసుకునేటోడు. ఒక ఏడు నడిమిట్ల వీణ బిరడ వదులై తంతి జారిపోతుంటే, వీణ ఇంకొకాయన మెడల ఉండంగనే, కింద పెట్టకుంట, పక్కన నిలవడి బిరడ సరిచేసిండు. ఆయన చెయ్యి, ఆయన నోరు ఒక్కసారే పని చేస్తుండె. చేతుల ఉలి ఉన్నా నోట్ల విఠల విఠల అని నడుస్తనే ఉండేది. దేవుని పని వేరే, చేతి పని వేరే అని ఆయనకు లేకుండె.

పండరీపురం వారి సంగతి. ఆషాఢ శుద్ధ ఏకాదశికి, అంటే మన తొలి ఏకాదశికి, పండరీపురం పోవాలె. వారి చేసేటోడు గనుక వార్కరి. మొదటిసారి మా నాయనమ్మ వెంట పోయిండట. లాతూర్ దాక బస్సు, ఆడికెల్లి చిన్న పట్టాల రైలు. కుర్దువాడిల మారి పండరీపురం. రైలు ఎంత మెల్లగ పోతుండె అంటే దిగి మూత్రానికి పోయొచ్చి మల్ల ఎక్కేటోళ్లట. తర్వాత దిండితోని కొన్నేండ్లు నడిచి పోయిండు. మోకాళ్లు నొచ్చినంక బస్సుల పోయిండు. బాన్సువాడ, బిచ్కుంద, మద్నూర్, దెగ్లూర్, ఉద్గీర్, లాతూర్. ఈ ఊర్ల పేర్లు నాకు చిన్నప్పుడు ఎక్కం లెక్క నోటికొచ్చేవి.

పుండలీకుని కథ ఆయన చెప్పగనే నేర్చుకున్న. ఎన్టీఆర్ పాండురంగ మహత్యం సినిమా చూసినోళ్లకు తెలిసే ఉంటది. పుండలీకుడు అవ్వయ్యల కాళ్లు పిసుకుతుంటే దేవుడు వాకిట్లకు వచ్చి పిలిచిండు. "పని అయ్యేదాక నిలవడు" అని ఇటుక ఒకటి విసిరిండు. దేవుడు ఆ ఇటుక మీద నడుము మీద చేతులు పెట్టుకొని నిలవడ్డడు. ఇంక నిలవడే ఉన్నడు. రాత్రి కొట్టం ముందట నులక మంచంల పండుకొని బాపు ఈ కథ చెప్పుతుంటే నేను ప్రతిసారి "ఆయన కాళ్లు గుంజయా?" అని అడుగుతుంటినట.

ఇప్పుడు ఆ మాట దగ్గరికి వస్త.

2004. ఆ ఏడు కాలం సక్కగ కాలే. అధిక మాసం శ్రావణంల వచ్చింది కాబట్టి ఏకాదశి జూన్ ఆఖరుకే వచ్చింది. కాలువ నీళ్ల మీద ఆశ లేకుండె. బావి కింద ఎకరంన్నరకు వెయ్యిన్ని పది నారు పోసినం. నారు ఇరవై ఐదు దినాలది అయింది. అంతకుముందు సాలు నేను అప్పు తెచ్చి బోరు వేస్తే దుబ్బ లేచింది, నీళ్లు రాలే. నాకు అప్పుడు ముప్పై నాలుగేండ్లు. బాన్సువాడల ఇంటర్ చదివిన. ఇంట్ల నాకే ఎక్కువ తెలుసని అనుకునేటోణ్ణి.

నాటు కూలోళ్లు వాకిట్ల నిలవడ్డరు. కరెంటు ఎప్పుడు వస్తదో, ఎప్పుడు పోతదో తెల్వది. మోటరు స్టార్టరు బాపు చెయ్యి పడితెనే ఆగుతది. అప్పుడు బాపు తెల్ల ధోతి కట్టుకొని, బుక్క పెట్టుకొని, భుజానికి సంచి వేసుకొని బయటికి వచ్చిండు. ఐదు దినాలల్ల వస్త అన్నడు.

నాకు కోపం ఆగలే. కూలోళ్ల ముందట, అవ్వ ముందట అన్న. "పుండలీకుడు ఇంట్ల పని చేసుకుంటుంటే దేవుడే వచ్చి వాకిట్ల నిలవడ్డడని నువ్వే చెప్పినవ్. నువ్వేమో ఇంట్ల పని ఇడిసిపెట్టి దేవుని వాకిట్ల నిలవడనీకి పోతున్నవ్. గిదేం భక్తి? నారు ముదిరిపోతే నీ విఠలుడు వచ్చి నాటేస్తడా?"

నాకు ఆయన చెప్పిన కథనే ఆయన మీదికి విసిరిన. ఇటుక విసిరినట్టే.

బాపు ఏమనలే. సంచి తీసి గూటానికి తగిలేసిండు. ధోతి ఎగగట్టి, పార తీసుకొని "నడువు" అన్నడు. అంతే. ఆ దినం పొద్దుగూకేదాక పొలంల ఉన్నడు. స్టార్టరు రెండుసార్లు కొట్టేసింది, రెండుసార్లు బాగుచేసిండు. ఐదు దినాలల్ల నాట్లు అయిపోయినయ్. ఏకాదశి నాడు ఒక్క పొద్దుతోనే ఒరం పెట్టిండు. నోట్ల విఠల నామం ఎప్పటి లెక్కనే ఉండె. నాకు గెలిచినట్టు అనిపించింది. నిజం చెప్తున్న, గెలిచినట్టే అనిపించింది.

ఆ తర్వాత బాపు ఆషాఢంల పండరీపురం పోలే. కార్తీక ఏకాదశికి పోవుడు మొదలుపెట్టిండు. కోతలు అయినంక. కార్తీకంల సుత పెద్ద వారే ఉంటది. నేను అందరికి చెప్పుకున్న, "మా బాపుకు సమజ్ చేసిన, ఇప్పుడు పని చెడకుంట పోతున్నడు" అని.

తాతగ ఆయన ఇంకో మనిషి. మాకు ముట్టుకోనియ్యని పెట్టె మనుమలకు బొమ్మల పెట్టె అయింది. జొన్న సొప్ప బెండుతోని కచ్రం బండి చేసిచ్చిండు, చక్రాలు నిజంగనే తిరిగేవి. బొంగరాలు ఎన్ని చెక్కిండో. నా బిడ్డకు ఎనిమిదేండ్లు ఉన్నప్పుడు స్విచ్ బోర్డు ఇప్పించి, ఏ తీగ ఎటు పోతదో చూపిచ్చిండు. మా ఇంటామె "ఆడపిల్లకు కరెంటు పనేంది మామా, షాక్ కొడితే?" అంటే "మెయిన్ బంద్ చేసినంక కరెంటుకు ఆడ మొగ తేడా లేదు బిడ్డా, మెయిన్ బంద్ చేయకుంటే సుత లేదు" అన్నడు. ఆ పిల్ల నిజామాబాద్ పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. ఇప్పుడు మా మోటరు స్టార్టరు ఆమె చెయ్యి పడితెనే ఆగుతది.

2019 జనవరిల బాపు పోయిండు. వారం దినాలు జ్వరం, తర్వాత నిద్రల. మెడల మాల ఉండంగనే తీసుకపోయినం. భజన వాళ్లు తాళాలతోని తోలిండ్రు.

దినవారాలకు దిండి వాళ్లు వచ్చిండ్రు. అండ్ల ఒక ముసలాయన, డెబ్బై దాటినోడు, వచ్చుడు వచ్చుడే వంగి నా కాళ్లకు మొక్కిండు. వార్కరులల్ల చిన్నా పెద్దా లేకుంట ఒకల కాళ్లకు ఒకలు మొక్కుతరు. నాకు సిగ్గయి లేవట్టిన. ఆయన నా పక్కన కూసొని చెప్పిండు.

"మీ బాపు ఆషాఢంల వస్తలేకుండె కని మమ్ముల తోలనీకి ప్రతి ఏడు బస్టాండుకు వచ్చేటోడు. తెల్లారగట్ల నాలుగింటికి. తాళాలకు కొత్త తాళ్లు వేసి తెచ్చేటోడు. మృదంగం పట్టీలు గుంజి కట్టేటోడు. ఒక ఏడు నా చెప్పు తెగితే తోలు ముక్కతోని అక్కడనే కుట్టిచ్చిండు. పదకొండు రూపాయలు చేతుల పెట్టి, బస్సు బిచ్కుంద రోడ్డు ఎక్కేదాక నిలవడి పోయేటోడు."

నాకు ఏమనాల్నో తోచలే. ఎందుకంటే నాకు ఆ తెల్లారగట్లలు అన్నీ యాదున్నయ్. చీకటిల లేచి, చెంబు పట్టుకొని, "తూము కాడికి పోయొస్త" అని పోయేటోడు. నీళ్ల వంతు చూసొస్తడని నేను మల్ల పండుకునేటోణ్ణి. ఆరింటి వరకు పొలంల ఉండేటోడు. 2005 నుంచి 2018 దాక, పద్నాలుగేండ్లు. ఇంకొక మాట చెప్త. 2015ల కరువు. నిజాంసాగర్‌ల నీళ్లే లేకుండె, కాలువల పిల్లలు క్రికెట్ ఆడిండ్రు. ఆ ఏడు సుత "తూము కాడికి పోయొస్త" అన్నడు. నీళ్లు లేని తూము కాడ ఏం పని అని నేను అడుగలే. ఒక్క ప్రశ్న. అడిగితే దొరికేటోడు. అడుగలే.

"మరి మీరు రమ్మని అడగలేదా?" అన్న.

"అడుగకేం? ప్రతి ఏడు అడిగినం. 'నా కొడుకు చెప్పింది నిజమే. ఇటుక మీద నిలవడ్డోడు నిలవడే ఉంటడు, నారు నిలవది' అన్నడు."

ఈ మాట గురించి నేను శాన ఆలోచించిన. బాపు నా మాటను ఒప్పుకొని ఉన్నడా, నొచ్చుకొని ఉన్నడా? ఒప్పుకుంటే నాకు దాచి ఎందుకు పోయిండు? నొచ్చుకుంటే నా మాట నిజమేనని నలుగురి ముందట ఎందుకు చెప్పిండు? రెండూ అయి ఉంటయ్ అనుకుంట. అడగనీకి మనిషి లేడు.

ఇంకోటి. రైతుగ ఇప్పుడు లెక్క చేస్తే నాకే నవ్వొస్తది, ఏడుపొస్తది. ఇరవై ఐదు దినాల నారును ముప్పై దినాలకు నాటితే ఏమైతది? పిలకలు కొంచెం తగ్గుతయ్. కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టి, దగ్గర దగ్గరగ నాటితే శాన మట్టుకు సరిపోతది. ఇప్పుడు నేను ఎవలన్న అడిగితే ఈ పేజీలనే గట్ల చెప్తుంట. ఆ ఏడు ఎకరానికి పద్దెనిమిది బస్తాలు వచ్చినయ్, కరువు ఏడు కాబట్టి. ఐదు దినాలు ఆగి నాటితే ఒకటో రెండో తగ్గుతుండె. ఆ రెండు బస్తాలకు నేను పదిహేను వారీలు తీసుకున్న.

ఆయన పోయిన ఏడు, 2019 ఆషాఢంల, నేను దిండి వెంట పోయిన. నాట్లు నా ఇంటామె, బిడ్డ చూసుకున్నరు. ఏమీ చెడలే. పండరీపురంల జనం అంటే జనం. దర్శనం లైను ఎక్కడ మొదలైతదో కనపడలే. నా పక్కన సోలాపూర్ దిక్కు రైతు ఒకాయన చంద్రభాగల తానం చేసి, నామదేవుని మెట్టుకు మొక్కి, గుడి శిఖరం దిక్కు చూసి రెండు చేతులు ఎత్తి మొక్కి, సంచి భుజానికి వేసుకున్నడు. "దర్శనం?" అన్న. "కళశ దర్శనం అయింది గద, ఇంటికాడ విత్తనం పడాలె" అన్నడు మరాఠీల. శాన మంది గట్లనే చేస్తరట. లైన్ల గంటల కొద్ది నిలవడే తీరిక లేని రైతులు శిఖరం చూసి తిరిగిపోతరు.

అప్పుడు నాకు సమజ్ అయింది. వారికి వచ్చేటోళ్లు పని లేనోళ్లు కాదు. అందరికీ ఇంటికాడ నారు ఉంది, విత్తనం ఉంది. పని ఉన్నోళ్లే ఐదు దినాలు పక్కకు పెట్టి వస్తున్నరు. మా బాపు సుత పని ఇడిసిపెట్టి పోయేటోడు కాదు. మోటరుకు నూనె వేసి, ఫుట్‌వాల్ చూసి, ఒరాలు కట్టి, నేను చేయాల్సింది నాకు చెప్పి పోయేటోడు. ఆ ఏడు సుత అన్నీ చేసే సంచి వేసుకున్నడు. నేను సంచి ఒక్కటే చూసిన.

2020, 2021ల కరోనా వల్ల వారి జరుగలే. పాదుకలను బస్సులల్ల తీసుకపోయిండ్రు. ఆ తర్వాత నేను మల్ల పోలే. మాల వేసుకోలే. నాకు అంత భక్తి లేదు, ఉందని చెప్పుకుంటే అబద్ధమైతది. కని దిండి పోయే దినం తెల్లారగట్ల బస్టాండుకు పోతున్న. తాళాలకు తాళ్లు కట్టుడు నాకు సక్కగ రాదు, నా బిడ్డ కడుతది. నేను చాయ పోయిస్త.

ట్రంకుపెట్టె ఇప్పుడు బిడ్డ దగ్గరనే ఉంది. మోట తోలు అరచెయ్యి అంత మిగిలింది. బావిల ఇప్పుడు సబ్‌మెర్సిబుల్ ఉంది, ఫుట్‌వాల్ అవసరం లేదు. అయినా ఆమె ఏడాదికి ఒకసారి దానికి ఆముదం రాస్తది. ఎందుకు బిడ్డా అంటే "తాత రాసేటోడు గద" అంటది.

దోస్తులారా, మీ ఇంట్ల పెద్దమనిషి తిరుపతికి పోత, బాసరకు పోత, దర్గాకు పోత, బిడ్డ ఇంటికి పోత అంటే పని లెక్క చెప్పకుండ్రి. ఐదు దినాలకు పంట మునుగది. ఇగ ఆయన చీకటిల లేచి "గిప్పుడే పోయొస్త" అంటే, ఎటు పోతున్నవే అని ఒక్కసారి అడుగుండ్రి. వెంట పోతే ఇంకా మంచిది. మీ బాపుల గురించి సుత రాయుండ్రి, చదువుత.

రేపు నాలుగింటికి లేవాలె. దిండి పోతది.

రామకృష్ణ హరి.